ఉత్త నీళ్లలో నీలం

ఆమెకి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. అతను గిన్నెలు తోముతాడు.

ఈ మాట బయటికి అంటే వినేవాళ్లు ముందు నవ్వుతారు. ఆ తర్వాత, ఈవిడకి కళ్లు నెత్తికెక్కాయా అన్నట్టు చూస్తారు. తాగొచ్చి గొడవచేసే మొగుళ్లున్నారు, తిన్న కంచం కూడా తియ్యని మొగుళ్లున్నారు. చొక్కా చేతులు పైకి మడిచి సింకు ముందు నిలబడే మనిషి మీద ఫిర్యాదేమిటి, విడ్డూరం కాకపోతే! అత్తగారైతే ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ, పొరపాటున నంబరు కలిసినవాళ్లతో సహా, ఈ సంగతి చెప్పందే ఫోన్ పెట్టేది కాదు. "మావాడు అంట్లు కూడా తోముతాడమ్మా. ఇంక దానికేం లోటు చెప్పు!"

తోముతాడు, కాదన్నదెవరు? మోచేతుల దాకా నురగ వచ్చేట్టు, పాత పగ ఏదో తీర్చుకుంటున్నట్టు తోముతాడు. ఈల వేస్తాడు. ఆ తర్వాత గ్లాసుని పంపు కింద అలా పెట్టి ఇలా లాగేస్తాడు, నీళ్లకి దాన్ని పరిచయం చేసి, మాట కలిసేలోపు తీసుకుపోతున్నట్టు. బోర్లించి, చేతులు తుడుచుకుని, "అయిపోయిందోయ్!" అని ఇల్లంతా వినపడేలా ప్రకటిస్తాడు. ఆ గ్లాసుతో నీళ్లు తాగితే నిమ్మకాయ వాసన. చెట్టుకి కాసిన నిమ్మకాయ కాదు, సబ్బు సీసా మీది నిమ్మకాయ.

కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ రాయని పద్ధతి ఒకటి ఉంది. తోమడం అతని వంతు. అతను హాల్లోకి వెళ్లి టీవీ పెట్టుకున్నాక చప్పుడు కాకుండా అవే గ్లాసులు మళ్లీ కడగడం ఆమె వంతు. పెళ్లయిన కొత్తలో చప్పుడయ్యేలాగే కడిగేది. ఒకసారి అతను మంచినీళ్ల కోసం వచ్చి చూశాడు. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ మర్నాడంతా ఇంట్లో ఒక మూగ మనిషి తిరిగాడు. సాయంత్రానికి అత్తగారు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, "మగవాడు ఏదో ముచ్చటపడి చేస్తాడు. దానికి వంకలు పెడితే రేపట్నుంచి అదీ చెయ్యడు. నీకు కాస్త చాదస్తంలే, అమ్మాయ్" అంది, ముద్దుగానే. అప్పట్నుంచి ఆమె పంపుని సన్నగా తిప్పి, ధార గ్లాసు అంచున పడి నిశ్శబ్దంగా జారేలా పట్టుకుని కడగడం నేర్చుకుంది. సొంత వంటింట్లో దొంగలా నీళ్లు వాడటం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

తోమడం అందరికీ కనిపిస్తుంది. నురగ ఉంటుంది, చప్పుడు ఉంటుంది, మధ్యలో ఈల ఉంటుంది. కడగడం కనిపించదు. బాగా కడిగిన గ్లాసులో చూపించడానికి ఏముంటుంది? ఏమీ ఉండదు, అదే దాని గొప్ప. ఏమీ లేకుండా చెయ్యడానికి పట్టిన నీళ్లకీ, నడుంనొప్పికీ సాక్ష్యం మిగలదు. ఇదంతా ఆమె సింకు ముందు నిలబడి ఆలోచించేది. ఆలోచనలకైనా చప్పుడు లేనందుకు సంతోషించేది.

ఇద్దరూ ఒకే కాలేజీలో, ఒకే బల్ల దగ్గర జీవశాస్త్రం చదువుకున్నారు. అప్పట్లో అతన్ని 'నువ్వు' అనేది. "నలుగురిలో నువ్వు నువ్వు అంటే ఏం బాగుంటుంది?" అని అత్తగారు అన్నాక 'మీరు' అయ్యాడు. పిల్ల పుట్టి, పెరిగి, బడికి అలవాటు పడేదాకా ఆమె ఇంట్లో ఉండి తిరిగొచ్చేసరికి అతను ల్యాబ్‌కి పెద్దయి కూర్చున్నాడు. అక్కడ 'సర్' అయ్యాడు. ఇప్పుడు పిల్ల హాస్టల్లో చదువుకుంటోంది. ఇంట్లో మీరు, ల్యాబ్‌లో సర్. పాత 'నువ్వు' ఎక్కడ జారిపోయిందో వెతికే తీరిక ఇద్దరికీ లేదు.

ఆ ల్యాబ్‌లో చేసేది ఒక ప్రొటీన్. కంటి నల్లగుడ్డు మీది పొరకి గాయమైతే మాన్పిస్తుంది. దాన్ని బ్యాక్టీరియా చేత తయారుచేయించి, వాటిని పగలగొట్టి బయటికి తీస్తారు. పగలగొట్టడానికి సబ్బు వాడతారు. ల్యాబ్‌లో దానికి పొడుగాటి పేరుంది కానీ మన గిన్నెల సబ్బుకి చదువుకున్న చెల్లెలు, అంతే. పని అయ్యాక ఆ సబ్బంతా పోవాలి. అందుకని ఆ ద్రవాన్ని సన్నటి పొర సంచిలో పోసి, రెండు చివరలా బిగించి, పెద్ద గాజు జాడీలో ఉప్పునీళ్లలో వేలాడదీస్తారు. సబ్బు పొరలోంచి బయటి నీళ్లలోకి పోతుంది. ప్రొటీన్ లావుపాటిది కనక దూరలేక లోపలే ఉండిపోతుంది. నీళ్లు మార్చాలి. మళ్లీ మార్చాలి. విసుగొచ్చాక కూడా మార్చాలి. దీన్ని డయాలసిస్ అంటారు. ఆమె మాత్రం మనసులో కడగడం అనే అనుకునేది. ల్యాబ్‌లో ఈ పని ఆమెకే ఎందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు. మీటింగుల్లో అతను బొమ్మలు చూపిస్తూ ఆ భాగం వచ్చేసరికి, "తర్వాత మామూలే, శుభ్రం చేశాం" అనేవాడు. ఆమె రెండు రోజుల పని ఆ 'మామూలే'లో సర్దుకునేది.

అత్తగారి కంటికి ఆపరేషన్ అయింది. ఎవరు సెలవు పెట్టాలన్న చర్చ ఆ ఇంట్లో జరగలేదు. జరగని చర్చల్లో ఓడిపోవడం ఆమెకి అలవాటే. ఇంట్లో ఉండి ఆవిడకి చుక్కలు వేసి, తల రుద్దకుండా దువ్వి, వంగకుండా చూసుకుంది. కుట్టు దగ్గర పొర సరిగ్గా మానడం లేదని డాక్టరు అన్నాడు. అతను ఆమె మొగుడికి చిన్ననాటి స్నేహితుడు, ఆమెని చెల్లెమ్మా అని పిలుస్తాడు. ల్యాబ్‌లో తయారవుతున్న మందుని ఆస్పత్రిలో, ఒప్పుకున్న రోగులకి వేసి చూడబోతున్నది కూడా అతనే.

ఒక సాయంత్రం ఆమె మొగుడు గుమ్మంలోంచే కేకేశాడు. "రెట్టింపు వచ్చిందోయ్! కొలిస్తే ప్రొటీన్ రెట్టింపు! నువ్వు సెలవు పెట్టాకే ల్యాబ్ దారిన పడింది, తెలుసా? ఈ మాట అందరి ముందూ అన్నాను, ఒకటే నవ్వులు."

ఆమె కూడా నవ్వింది. నవ్వాల్సిన చోట నవ్వకపోతే తర్వాత వచ్చే మౌనాన్ని భరించడం కష్టం. నవ్వుతూనే లెక్క చూసుకుంది. అదే బ్యాక్టీరియా, అదే పాత్ర, అదే వేడి. ఉన్న పిండితోనే రెట్టింపు రొట్టెలు వచ్చాయంటే పిండి తెలివి మీరిందనుకోవాలా, అందులో ఏదో కలిసిందనుకోవాలా?

"నీళ్లు ఎన్నిసార్లు మార్చారు?" అని అడిగింది.

"మార్చాంలే."

"బ్లాంక్ ఏ నీళ్లతో పెట్టారు?"

"నీళ్లంటే నీళ్లే! ఏమిటీ, ఇంటర్వ్యూ చేస్తున్నావా?"

"పోనివ్వవే అమ్మాయ్," అంది అత్తగారు మంచం మీంచి. "వాడు అలిసిపోయి వచ్చాడు."

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. కానీ ఆ ప్రశ్న వెనకే వచ్చింది. ప్రొటీన్ కొలిచే పద్ధతి చూడటానికి చాలా తేలిక. పలచటి టీ డికాక్షన్ రంగులో ఒక ద్రవం ఉంటుంది. ప్రొటీన్ తగిలితే నీలంగా మారుతుంది. ఎంత నీలమైతే అంత ప్రొటీన్. అయితే దేన్ని కొలవాలన్నా ముందు ఏమీ లేనిదాన్ని కొలవాలి. దాన్నే బ్లాంక్ అంటారు. సంచి బయట మిగిలిన ఆఖరి నీళ్లని తీసుకుని, అందులో రంగు వేసి చూసి, ఆ కాస్త రంగునీ లెక్కలోంచి తీసేసి, అప్పుడు అసలుది కొలవాలి. ఎందుకంటే ఆ రంగుద్రవానికి ఒక బలహీనత ఉంది. సబ్బు తగిలినా నీలంగా మారుతుంది. సబ్బుకీ ప్రొటీన్‌కీ దానికి తేడా తెలియదు. పంపులోంచి పట్టిన ఉత్త నీళ్లతో బ్లాంక్ పెడితే, సంచిలో మిగిలిపోయిన సబ్బంతా ప్రొటీన్ వేషం వేసుకుని దర్జాగా లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది.

బయటికొచ్చేసరికి అతను చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి వెలుతురుకి పెట్టి చూపిస్తున్నాడు. "అందరికంటే ముందు మా అమ్మకే."

"ముందు డాక్టరుగారిని అడిగి..." అంది ఆమె.

"వాడికి మందిస్తున్నదే నేను. వాణ్ణి అడిగేదేమిటి? రేపు సాయంత్రం వాడే ఇంటికొచ్చి మందు పెట్టె తీసుకెళ్తాడు. ఎల్లుండి నుంచి ఆస్పత్రిలో మొదలు." తల్లి గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచాడు. "కదలకమ్మా."

ఒక్క చుక్క. అత్తగారి కాళ్లు రెండూ మంచం మీద ఒక్కసారి బిగుసుకున్నాయి.

"మండుతోందిరా."

"మండిందంటే పనిచేస్తోందన్నమాట," అన్నాడు కొడుకు.

"అంతేలే," అంది తల్లి.

తెల్లారి ఆమె దుప్పటి మడత పెడుతుంటే దిండు ఒకవైపు తడిసి ఉంది. ఆపరేషన్ అయిన కంటి వైపు.

"నీళ్లు కారాయా అత్తయ్యా?"

"ఏం లేదు."

"నొప్పిగా ఉందా?"

అత్తగారు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "కాస్త ఇసక పోసినట్టుంది. వాడితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు."

సెలవు ముందురోజుతో అయిపోయింది. మధ్యాహ్నం తనే వచ్చి రెండో చుక్క వేస్తానని మొగుడు చెప్పి వెళ్లాడు. ఆమె చెప్పులేసుకుంది, మళ్లీ విప్పింది. బల్ల మీది సీసా తీసుకెళ్లి వంటింట్లో పప్పు డబ్బాల వెనక పెట్టింది. ఆ ఇంట్లో అతని చెయ్యి వెళ్లని చోటు అదొక్కటే. పక్కింటావిడని మధ్యాహ్నం ఒకసారి చూసి వెళ్లమని చెప్పి ల్యాబ్‌కి బయల్దేరింది. దార్లో అనుకుంది, నాది నిజంగానే చాదస్తం అయితే బాగుండును. జీవితంలో మొదటిసారి వాళ్ల మాటే నిజం కావాలని కోరుకుంది.

ల్యాబ్‌లో సింకు నిండా గాజు సామాను. ఆమె లేనన్నాళ్లదీ భద్రంగా అక్కడే ఉంది. "మేడం వస్తే చూసుకుంటారులే" అని సామాను కూడా నమ్మకం పెట్టుకుని ఎదురుచూస్తున్నట్టుంది. కొసన, కిటికీ పక్కన, పెద్ద గాజు జాడీ. సంచి వేలాడదీసిన జాడీయే. సంచి తీసుకున్నారు, నీళ్లు పారబొయ్యలేదు. అది మరి కడిగేవాళ్ల పని కదా.

అలవాటు కొద్దీ రెండు చేతులా ఎత్తి సింకులోకి వంచబోయింది. జాడీ ఊగింది. నీళ్ల అంచున, గాజుకి అంటుకుని, సన్నటి బుడగల వరస ఒకటి లేచింది. ఆమె ఆగింది. ఆ బుడగలు ఆమెకి బాగా తెలుసు. పెళ్లయినప్పట్నుంచీ ప్రతి రాత్రీ గ్లాసుల అడుగున చూస్తున్న బుడగలే.

జాడీని మెల్లగా బల్ల మీదికి దించింది. తను కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు ఒక ట్యూబులో, జాడీలో నీళ్లు ఒక ట్యూబులో పోసింది. రెండింటిలోనూ ఆ డికాక్షన్ రంగు ద్రవం వేసి నిలబడింది. మొదటిది ఎలా ఉన్నది అలాగే ఉంది. రెండోది కూడా కాసేపు అలాగే ఉండి, ఆమె ఊపిరి వదలబోతుండగా, అడుగు నుంచి మబ్బు పట్టినట్టు మారింది. ముందు బూడిదరంగు, తర్వాత నీలం, కమిలిన చర్మం రంగు. ప్రొటీన్ సంచి దాటి రాదు. బయటి నీళ్లలో ఏమీ ఉండకూడదు. ఏమీ ఉండకూడని చోట ఏదో ఉంది, అదే నిన్న ఒక కంట్లో పడింది.

ఫోన్ చేసింది. అతను పైఅంతస్తులో పెద్దల మీటింగులో ఉన్నాడు. బయటికొచ్చి, గొంతు నొక్కిపట్టి మాట్లాడాడు.

"సంచికి ఎక్కడో చిల్లు పడి ప్రొటీన్ బయటికొచ్చుంటుంది. దానికింత రాద్ధాంతమా?"

"బయటికి పోతే లోపల తగ్గాలి కదండీ, రెట్టింపెలా అవుతుంది?"

అవతల ఎవరో నవ్వుతూ దాటిపోయిన చప్పుడు. తర్వాత, "నీ చాదస్తం ఇంట్లో సరిపోక ఇక్కడికి కూడా పట్టుకొచ్చావా? ఇప్పుడే ఆ అంకె చెప్పి వచ్చాను అందరికీ. ఈ మాట ఎవరి దగ్గరా అనకు. నా మాటకి విలువ లేకుండా చెయ్యకు."

పెట్టేశాడు. ఫ్రిజ్‌లో ఆ ప్రొటీన్ కొంచెం మిగిలి ఉంది. ఆమె కొత్త సంచి తీసుకుని, నీళ్లతో నింపి, నొక్కి, చిల్లు లేదని చూసుకుని, అందులో పోసి కడగడం మొదలుపెట్టింది. నీళ్లు మార్చింది. మళ్లీ మార్చింది. కొంచెమే ఉంది కనక సాయంత్రానికల్లా అవుతుంది. మధ్యలో ఫోన్ మోగింది.

"సీసా ఎక్కడ పెట్టావ్? అమ్మకి చుక్క వెయ్యాలి."

"కనిపించలేదా?"

"నువ్వు సర్దాక ఏం కనిపించి చస్తుంది ఇంట్లో! సరేలే, పెట్టెలోంచి ఇంకోటి తెస్తా. సాయంత్రం మన డాక్టరు ముందే వేస్తాను."

ఆమె మళ్లీ నీళ్లు మార్చింది. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. లోపల మాత్రం అత్తగారి కాళ్లు బిగుసుకుంటున్నాయి, మళ్లీ మళ్లీ. ఆవిడ ఒక్కతే కాదు. రేపు ఆస్పత్రి వసారాలో వరసగా కూర్చుని తలలు వెనక్కి వంచేవాళ్లు. మండుతోందంటారు. మండితేనే మంచిదని ఎవరో చెప్తారు. అంతేలే అనుకుంటారు. అనుకోవడం అలవాటైనవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. తను లేదూ? ఎన్ని వేల గ్లాసులు చప్పుడు లేకుండా కడిగింది! అతని మనసు నొచ్చుకోకుండా, అతని ఈల ఆగకుండా. చప్పుడు చేసి ఉంటే అతనికి కడగడం వచ్చేదేమో. అతనికి కడగడం రాదన్న సంగతి, అతనికే తెలియకుండా పెరిగి పెద్దదై, ల్యాబ్ దాకా నడిచొచ్చి, చిన్న చిన్న సీసాల్లోకి ఎక్కి కూర్చుంది.

కడిగాక కొలిచింది, సంచి బయటి నీళ్లే బ్లాంక్‌గా పెట్టి. అంకె వచ్చింది. రెట్టింపు లేదు, ఏమీ లేదు. సెలవు పెట్టకముందు తనకి ఎప్పుడూ వచ్చే అంకె. మళ్లీ కొలిచింది. అదే.

జాడీ నీళ్లు ఒక ట్యూబులో, రంగుద్రవం ఒక చిన్న సీసాలో పోసుకుని, బిరడాలు బిగించి, చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి నడిచింది.

అత్తగారు కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. వెలుతురు చూడలేకపోతోంది. కన్ను అంచంతా ఎర్రబడి, రెప్ప వాచి సగం మూసుకుపోయింది. ఆమె ఏదో అనబోయేలోపే గుమ్మంలో మొగుడి గొంతూ, డాక్టరు గొంతూ వినిపించాయి. మొగుడి చేతుల్లో మందు పెట్టె ఉంది. దాన్ని హాల్లో బల్ల మీద పెట్టాడు, చంటిబిడ్డని పడుకోబెట్టినట్టు.

"ఏం చెల్లెమ్మా, వీడు రెట్టింపు రెట్టింపు అని దారంతా చెవులు తినేశాడు," అన్నాడు డాక్టరు కూలబడుతూ. "టీ ఇచ్చి కాపాడు."

"ఇస్తాను అన్నయ్యా." మొగుడి వైపు తిరిగింది. "గ్లాసులు కాస్త మీరు కడిగిపెడతారా?"

అతని మొహం వెలిగింది. స్నేహితుడి ముందు ఇంతకన్నా మంచి అవకాశం దొరుకుతుందా? చొక్కా చేతులు మడిచాడు. వంటింట్లోంచి ఈల వినిపించింది.

"చూశావా నాయనా," అంది అత్తగారు డాక్టరుతో, వాచిన కన్ను పమిటతో ఒత్తుకుంటూ. "ఇంత ఉద్యోగం చేస్తూ కూడానూ."

"అయిపోయిందోయ్!"

అతను పళ్లెంలో గ్లాసులు తెచ్చి పెట్టాడు. ఆమె అలమరలోంచి ఇంకో గ్లాసు తెచ్చి వాటి పక్కన పెట్టింది, పొద్దున తను కడిగినది. అన్నిటిలోనూ చెంచాడు మంచినీళ్లు పోసి తిప్పింది. చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి, అతను తెచ్చినవాటిలో ఒక్క గ్లాసు మాత్రం వదిలేసి, మిగతావాటిలో కొంచెం కొంచెం పోసింది.

డాక్టరు వంగి చూశాడు. "డికాక్షనా? పాలు పొయ్యవా, చెల్లెమ్మా?"

"తాగకండి అన్నయ్యా. ఊరికే చూడండి."

ఈల ఆగిపోయింది. ఆమె మొగుడికి ఆ రంగు తెలుసు. "ఇదేమిటి?" అన్నాడు. "ఇంట్లో ఇదేమిటి?" ఆమె కడిగిన గ్లాసు డికాక్షన్ రంగులోనే ఉండిపోయింది. అతను కడిగినవి ఒకదాని తర్వాత ఒకటి అడుగున మసకబారి, మెల్లగా నీలమయ్యాయి. సాయంత్రం వెలుతురు వాటిలోంచి పడి బల్లగుడ్డ మీద నీలపు మచ్చలు కదిలాయి.

"పాల జిడ్డు," అన్నాడు అతను. నవ్వబోయాడు. "పొద్దున కాఫీ తాగాం కదా. పాలల్లో ప్రొటీన్ ఉండదూ?"

"ఉంటుంది," అంది ఆమె. ట్యూబు తీసింది. "ఇవి మీ జాడీలో మిగిలిన నీళ్లు. నువ్వు పారబొయ్యకుండా నాకోసం ఉంచినవి. వీటిల్లో పాలెవరు పోశారు?" అందులోనూ రంగు వేసి బల్ల మీద నిలబెట్టింది. 'నువ్వు' అన్నానని ఆమె ఆ తర్వాత గమనించింది. సరిదిద్దుకోలేదు. "మిగిలింది ఇవాళ నేను కడిగి కొలిచాను. సగమే ఉంది. మిగతా సగం సబ్బు."

ట్యూబులో నీళ్లు నీలమయ్యాయి.

డాక్టరు లేచాడు. పెట్టె వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, జేబులోంచి చిన్న టార్చి తీసి అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెప్ప ఎత్తాడు. చాలాసేపు చూశాడు.

"పైపొర లేచిపోయింది," అన్నాడు చివరికి, టార్చి ఆర్పకుండానే. "అమ్మా, ఈ కంట్లో ఏమైనా వేశారా?"

అత్తగారు కొడుకు వైపు చూసింది, తెరుచుకున్న ఒక్క కన్నుతో.

"ఒరేయ్," అన్నాడు డాక్టరు వెనక్కి తిరక్కుండా. "నాకు చెప్పకుండా వేశావా?"

"ఒక్క చుక్క. ఒక్కటేరా. అది... కడిగాంరా, మామూలుగానే కడిగాం. దీనికి మొదట్నుంచీ అనుమానం, గిన్నెలు కూడా ఎవరు కడిగినా పనికిరావు దీనికి." అతని గొంతు పెరిగింది, మళ్లీ సన్నబడింది. తల్లి కుర్చీ దగ్గరికి వెళ్లాడు, చిన్నప్పుడు బళ్లో దెబ్బలాట జరిగితే వెళ్లినట్టే. "అమ్మా, నువ్వు చెప్పు. ఇన్నేళ్లుగా ఇంట్లో గ్లాసులు కడుగుతున్నది నేనే కదా? ఒక్కనాడైనా ఎవరికైనా ఏమైనా అయిందా? నువ్వు చెప్పమ్మా."

ఆమె సన్నగా పంపు తిప్పుకునే మనిషి కాదిప్పుడు. ఆ నీలం గ్లాసుల్ని తియ్యకూడదనీ, ఇవాళ వాటిని ఎవరు కడిగినా తను కడగదనీ అనుకుంటూ అలాగే నిలబడింది.

అత్తగారు చెయ్యి చాచి, రంగు పొయ్యకుండా వదిలేసిన గ్లాసు తడుముకుని తీసుకుంది. కొడుకు తోమిన గ్లాసు. చూపు ఆననందువల్ల ముక్కు దగ్గర పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత దాన్ని కొడుకు చేతిలో పెట్టి, కోడలి వైపు మొహం తిప్పింది. వాచిన కంట్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఏడుపువో మంటవో తెలియకుండా.

"ఈ నిమ్మకాయ వాసన నాకివాళ కొత్త కాదమ్మాయ్. వీడు గ్లాసు ముట్టుకున్న మొదటిరోజు నుంచీ వస్తూనే ఉంది. వీడు చిన్నబుచ్చుకుంటాడని నేను తాగేసి, నువ్వు కడుగుతుంటే నీకు చాదస్తమన్నాను. తప్పు నాది."